పాత పికప్ బండి డోర్ ప్యాడ్‌లు: తక్కువ ఖర్చుతో బాగుచేసుకునే పద్ధతి

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పల్లెల్లో పదేళ్లు దాటిన పికప్ బండ్లు మామూలుగానే కనిపిస్తాయి. కోతలప్పుడు ధాన్యం మిల్లుకు, యార్డుకు తోలాలి. మిగతా రోజుల్లో ఎరువులు, విత్తనాలు, పాల క్యాన్లు. అందుకే ఇంజన్ ఆయిలు, టైర్లు తప్పక చూసుకుంటాం. డోర్ లోపలి ప్యాడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెక్సిన్ చినిగినా, అట్ట ఉబ్బినా, క్లిప్పులు ఊడి గడగడలాడినా చూడటానికి బాగాలేదు, అంతే కదా అని వదిలేస్తాం. అసలు నష్టం ఆ అట్ట వెనక జరుగుతుంది.

వాన పడినప్పుడు అద్దం మీది నీరు కొంత డోర్ లోపలికి దిగడం సహజం. ఆ నీరు కిందికి జారి, డోర్ అడుగు అంచున ఉన్న చిన్న రంధ్రాల నుంచి బయటికి పోవాలి. అట్టకు నీరు తగలకుండా కంపెనీ వాళ్లు మధ్యలో పాలిథిన్ షీటు అంటిస్తారు. ఎప్పుడో అద్దం రిపేరు చేసినప్పుడు ఆ షీటు చినిగిపోతుంది, మళ్లీ ఎవరూ వేయరు. అప్పటి నుంచి అట్ట నీరు పీల్చి ఉబ్బుతుంది. మరోపక్క వడ్ల పొట్టు, దుమ్ము చేరి అడుగు రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు నిలిచి డోర్ అడుగు తుప్పు పడుతుంది. పొటాష్, యూరియా దుమ్ము కూడా తోడైతే తుప్పు ఇంకా త్వరగా వస్తుంది. ప్యాడ్ పని కొన్ని వందల్లో అయిపోతుంది గానీ, డోర్ అడుగు తిన్నాక రేకు కోసి వెల్డింగ్, టింకరింగ్, పెయింటింగ్ చేయించాలంటే వేలల్లోకి పోతుంది.

ఈ పనికి యాసంగి కోతలు అయిపోయి, మృగశిర కార్తె ఇంకా రాని రోజులు మంచివి. బండికి పని తక్కువ, వానలు మొదలుకాలేదు. అయితే రోహిణి ఎండలో జిగురు పూసిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి నీడలో, పొద్దున పూట చేసుకోవాలి.

ముందు ఆర్మ్‌రెస్ట్, హ్యాండిల్ దగ్గరి స్క్రూలు విప్పాలి. అద్దం దించే హ్యాండిల్‌కు కొన్ని బండ్లలో మధ్యలో స్క్రూ ఉంటుంది, కొన్నింటిలో వెనక స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. క్లిప్ ఉంటే హ్యాండిల్ వెనక సందులో పాత గుడ్డ పెట్టి అటూ ఇటూ లాగితే అదే బయటికి వస్తుంది; ఎగిరి పడుతుంది కాబట్టి కింద ఒక చెయ్యి అడ్డం పెట్టుకోండి. తర్వాత పెయింటర్లు లప్పం పెట్టే పలుచటి రేకును సరిగ్గా క్లిప్ పక్కన దూర్చి పైకి లేపాలి. అట్ట మధ్యలో పట్టి లాగితే చిరుగుతుంది. పాత అట్ట ముక్కలైనా సరే పారేయకండి, కొత్తదానికి కొలత అదే. పవర్ విండోలు ఉన్న బండి అయితే బ్యాటరీ వైరు ముందే తీసేయాలి.

ప్యాడ్ తీశాక వెంటనే అట్ట పని మీద పడొద్దు. సన్నటి తీగతో అడుగు రంధ్రాలు పొడిచి, నీళ్లు పోసి కారుతున్నాయో లేదో చూడాలి. తుప్పు ఉంటే గీకి, రెడ్ ఆక్సైడ్ పూయాలి. లోపలి హ్యాండిల్ నుంచి లాక్ దాకా వెళ్లే రాడ్డును పట్టే చిన్న ప్లాస్టిక్ క్లిప్ విరిగిందేమో చూడండి. అది విరిగితే రాడ్డు జారుతుంది, ఒకరోజు లోపలి నుంచి డోర్ తెరుచుకోదు. పక్కన పిల్లలు, పెద్దవాళ్లు కూర్చునే బండికి ఇది చిన్న విషయం కాదు. పైగా 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే కదా, డోర్ సరిగా పడేలా ఇప్పుడే చూసుకుంటే ఆ రోజు ఇబ్బంది ఉండదు.

అట్ట గట్టిగానే ఉండి రెక్సిన్ మాత్రమే చినిగితే రెక్సిన్ మారిస్తే చాలు. అట్ట ఉబ్బితే 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు తీసుకోండి. మొత్తం షీటు అక్కర్లేదు, ప్లైవుడ్ షాపులో ముక్క అడగండి. మందపాటి ప్లైవుడ్ వేస్తే క్లిప్పులు డోర్‌లోకి దిగవు. పాత అట్ట మీద పెట్టి గీత గీసి కోసి, రంధ్రాలు సరిగ్గా అక్కడే వేయాలి. కోసిన అంచులకు, వెనక వైపుకు రెండు కోట్లు ఎనామిల్ పెయింట్ వేసి పూర్తిగా ఆరనివ్వాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే. రెక్సిన్ 54 అంగుళాల వెడల్పులో దొరుకుతుంది, మామూలు పికప్ రెండు డోర్లకు మీటరున్నర సరిపోతుంది. చుట్టూ అంగుళం ఎక్కువ ఉంచి కత్తిరించాలి.

చెక్కకు వాడే తెల్ల ఫెవికాల్ వద్దు, తడికి వదులుతుంది. రబ్బరు రకం జిగురు అడగండి. అట్టకు, రెక్సిన్ వెనకకు రెండింటికీ పలుచగా పూసి, వేలికి అంటనంత వరకు ఆగి, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ అతికించాలి. దాని ఆవిరికి మంట ఇట్టే అంటుకుంటుంది. బీడీ, సిగరెట్ దగ్గర ఉండొద్దు.

తిరిగి బిగించే ముందు కొత్త పాలిథిన్ తప్పనిసరి. మొదటిసారి నేను అది లేకుండానే బిగించాను, ఆ వానాకాలం దాటేసరికి కొత్త అట్ట కూడా ఉబ్బింది. మల్చింగ్ షీటు 25-30 మైక్రాన్లే, నిలవదు. పాలీహౌస్‌కు వేసే 200 మైక్రాన్ల షీటు ముక్క దొరికితే అంతకన్నా మంచిది లేదు. షీటు కింది అంచును డోర్ రంధ్రంలోకి, లోపలి వైపుకు దోపాలి. అప్పుడే నీరు అట్ట మీదికి రాకుండా డోర్‌లోకి దిగుతుంది.

ఇక ప్లాస్టిక్ ప్యానెల్ ఉన్న బండ్ల సంగతి వేరు. పగిలిన చోట ఎంసీల్ పెట్టేముందు వెనక అచ్చు చూడండి. ఏబీఎస్ అని ఉంటే రెండు పాళ్లు కలిపే ఎపాక్సీ జిగురు పట్టుకుంటుంది. పీపీ అని ఉంటే ఎంత పెట్టినా ఊడిపోతుంది. వెనక నుంచి సోల్డరింగ్ ఐరన్‌తో సన్నటి ఇనుప జాలీని కరిగించి అతికించడమే దారి. ప్యానెల్ పూర్తిగా ముక్కలైతే విజయవాడ ఆటోనగర్‌లో పాతది వెతకొచ్చు. కోదాడ వాళ్లకు హైవే మీదే కాబట్టి ఇంకేదైనా పని మీద వెళ్లినప్పుడు చూసుకోవచ్చు. ఒక్క ప్యానెల్ కోసమే బండి వేసుకుని వెళ్తే మాత్రం డీజిల్ ఖర్చుకే సరిపోతుంది.