సంతానసాగరం: కొండవీటి రెడ్డిరాజుల జలధర్మం

తైత్తిరీయోపనిషత్తు సృష్టిక్రమాన్ని ఇలా నిరూపిస్తున్నది: ఆత్మ నుండి ఆకాశం, దాని నుండి వాయువు, అగ్ని, జలం, పృథివి క్రమంగా ప్రభవించాయి. పృథివి నుండి ఓషధులు, ఓషధుల నుండి అన్నం, అన్నం నుండి పురుషుడు. ఈ వరుసలో మానవుడు చిట్టచివరివాడు. తనకు ముందున్న వాటిలో ఏ ఒక్కటి క్షీణించినా అతనికి నిలకడ లేదు. ప్రాణులకు, భూమికి గల ఈ పరస్పర సంబంధాన్ని పరిశీలించే జీవావరణశాస్త్రానికి పాశ్చాత్యదేశాలలో 1866లో ఎర్నెస్ట్ హెకెల్ పేరు పెట్టాడు. ఆ పేరుకు మూలమైన గ్రీకు పదానికి గృహమని అర్థం.

ఈ గృహధర్మాన్ని ఆచరణలో చూపిన క్షేత్రం కొండవీడు. అనవోతారెడ్డి అద్దంకి నుండి రాజధానిని ఇక్కడికి తరలించాడు. నదీతీరం కాని ఈ గిరిదుర్గానికి వర్షజలమే ఆధారం. అందుకే కొండపై పుట్టలమ్మ, ముత్యాలమ్మ, వెదుళ్ళ చెరువులు వెలశాయి. దుర్గరక్షణకు ప్రాకారం ఎంత ముఖ్యమో, తటాకమూ అంతే ముఖ్యం.

కొండ దిగువన ప్రజలకు కూడా ఈ ధర్మం విస్తరించింది. పెదకోమటి వేమారెడ్డి పట్టమహిషి సూరాంబ ఫిరంగిపురం వద్ద ఒక చెరువును త్రవ్వించి, దానికి సంతానసాగరమని నామకరణం చేసింది. ఈ విషయాన్ని తెలిపే 1409 నాటి శాసనాన్ని రచించినవాడు మహాకవి శ్రీనాథుడు. తల్లి నిర్మించిన ఆ తటాకానికి నీరందించేందుకు కుమారుడు రాచవేముడు జగనొబ్బగండ కాలువను త్రవ్వించాడు. ఇది 1415 నాటి అమీనాబాదు శాసనంవల్ల తెలుస్తున్నది. తల్లి చెరువు, కుమారుని కాలువ! సంతానమనే పదానికి ఇంతకంటె చక్కని వ్యాఖ్యానం ఏముంటుంది?

పుత్రుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం అనేవి సప్తసంతానాలని మన పూర్వులు పరిగణించారు. ఈ గణనలో తటాకంతోపాటు వనం కూడా ఉండడం గమనార్హం. కొండవాలుపై వృక్షాల వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి; రాలిన ఆకులు వాననీటి వేగాన్ని తగ్గించి భూమిలోకి ఇంకిస్తాయి. చెట్లు నశిస్తే అదే వర్షం మట్టిని కోసుకొనివచ్చి చెరువును పూడ్చివేస్తుంది. వనం లేని తటాకం అల్పాయుష్కం. అయినా చేరిన ఒండ్రు వ్యర్థం కాదు. వేసవిలో రైతులు దానిని తీసి పొలాలకు తోలుకుంటే, కొండ విడిచిన సారం మరల సస్యంగా మారుతుంది. చెరువూ లోతు దక్కించుకుంటుంది.

శాస్త్రాలు యజ్ఞాదులను ఇష్టమనీ, తటాక, కూప, ఆరామ నిర్మాణాలను పూర్తమనీ పేర్కొన్నాయి. పూర్తం ఒక్కనాటి దానంతో ముగియదు. త్రవ్వించినవారి పేరు శిలపై నిలుస్తుంది. జలం మాత్రం ప్రతితరమూ పూడిక తీసి, చెట్లను కాపాడితేనే నిలుస్తుంది. రాచవేముడు తల్లికి చెల్లించిన ఋణం అదే. కొండవీటి చెరువుల ఎదుట నిలిచిన ప్రతివానికీ శేషించిన ఋణమూ అదే.