లైప్జిగ్ నుంచి లక్నేపల్లి దాకా: చదువు ఏ భాషలో?

మొట్టమొదటి తెలుగు పుస్తకాలు ఎక్కడ అచ్చయ్యాయో చెప్పుకోండి చూద్దాం. మద్రాసు అంటారు కొందరు, బందరు అంటారు ఇంకొందరు. రెండూ కాదు. జర్మనీలో హాలె అనే ఊళ్లో, 1746-47లో. అప్పటికి తెలుగునేల మీద ఒక్క అచ్చుయంత్రం కూడా లేదు.

ఈ సంగతి నాకు తెలిసింది కూడా జర్మనీలోనే. ఎక్స్ఛేంజి ప్రోగ్రాం కింద నేను లైప్జిగ్‌లో ఒక ఏడాది ఉన్నాను. లైప్జిగ్ నుంచి హాలె ఎంత దూరమో తెలుసా? మా నర్సంపేట నుంచి వరంగల్ ఎంతో దాదాపు అంతే. లోకల్ రైలెక్కితే గంట కూడా పట్టదు. తిరిగొచ్చాక అందరూ బీరు గురించి, స్పీడు లిమిట్ లేని రోడ్ల గురించి అడిగారు. అవి ఎవరైనా చెప్తారు. నేను చెప్పదలచుకుంది ఆ రెండు ఊళ్ల గురించీ, వాటికి మా నర్సంపేటతో ఉన్న ఒక వంకర సంబంధం గురించీ.

ముందు హాలె. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1719లో తరంగంబాడి వచ్చాడు. తర్వాత మద్రాసు చేరి, అక్కడే తెలుగు నేర్చుకున్నాడు. 1743లో జర్మనీకి తిరిగెళ్లి, హాలెలో తెలుగు అక్షరాలతో మతగ్రంథాలు అచ్చు వేయించాడు. ఆయన తెలుగుకి ఒక వ్యాకరణం కూడా రాశాడు, 1728లో. అది ఏ భాషలో రాశాడనుకున్నారు? లాటిన్‌లో! మనిషి జర్మన్, భాష తెలుగు, మధ్యలో లాటిన్ ఎందుకంటే అప్పట్లో యూరపులో పండితుల భాష అదే. శాస్త్రం అంటే లాటిన్‌లోనే ఉండాలి, సొంత భాష వంటింటికీ సంతకీ పనికొస్తుంది అనుకునే రోజులు. ఎక్కడో విన్నట్టు లేదూ?

ఇప్పుడు లైప్జిగ్. ఈ యూనివర్సిటీ 1409లో పుట్టింది. మనం రోజూ నమ్ముకుని బతికే సున్నా-ఒకటి లెక్కల మీద 1703లో వ్యాసం అచ్చేసిన లైబ్నిట్జ్ పుట్టిందీ, డిగ్రీ చదివిందీ ఇక్కడే. 1687లో ఇక్కడ క్రిస్టియన్ థొమాజియస్ అనే యువ లెక్చరరు ఒక పని చేశాడు. తను చెప్పబోయే పాఠాల ప్రకటనను జర్మన్‌లో రాసి నోటీసు బోర్డు మీద అంటించాడు. పాఠాలు కూడా జర్మన్‌లోనే చెప్తానన్నాడు. పెద్దలకి ఒళ్లు మండిపోయింది. పవిత్రమైన బోర్డు మీద జర్మనా!

ఆ పాఠం విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. ఫ్రెంచివాళ్లని మనం ఏ రకంగా అనుకరించాలి అన్నది టాపిక్. ఆ రోజుల్లో జర్మన్ పెద్దింటి పిల్లలు ఫ్రెంచి బట్టలు కట్టి, ఫ్రెంచి మాటలు దొర్లించేవాళ్లు. థొమాజియస్ అన్నది స్థూలంగా ఇది: ఫ్రెంచివాళ్లు తమ శాస్త్రాలన్నీ తమ భాషలోనే రాసుకుంటున్నారు, అనుకరించాలంటే దాన్ని అనుకరించండి. మూడేళ్లలో ఆయన లైప్జిగ్ వదిలి వెళ్లాల్సి వచ్చింది (గొడవలు వేరేవి కూడా ఉన్నాయి లెండి). ఎక్కడికెళ్లాడు? హాలెకి. అక్కడ 1694లో మొదలైన యూనివర్సిటీ స్థాపకుల్లో ఆయనొకడు. తర్వాత అదే హాలెలో క్రిస్టియన్ వోల్ఫ్ లెక్కలకీ తత్వశాస్త్రానికీ జర్మన్ మాటలు కూర్చిపెట్టాడు. అంటే ఇవాళ మనం "జర్మన్లు కదా, జర్మన్‌లోనే చదువుకుంటారు" అని తేలిగ్గా అనేస్తాం గానీ, అది గాల్లోంచి ఊడిపడలేదు. ఒకడు తిట్లు తిని మొదలుపెట్టాడు, ఇంకొకడు కూర్చుని మాటలు తయారుచేశాడు.

సరే, ఇప్పుడు మన హైదరాబాదుకి వద్దాం. 1917లో ఏడో నిజాం ఫర్మానా జారీ చేశాడు, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది. ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు మాత్రమే, బోధన మొత్తం ఉర్దూలో. దానికోసం దారుల్ తర్జుమా అని ఒక అనువాద శాఖ పెట్టి, పండితులని కూర్చోబెట్టి, సైన్సుకీ లా కీ వైద్యానికీ ఉర్దూ మాటలు పుట్టించారు. వోల్ఫ్ చేసిన పనే, కాకపోతే జీతాలిచ్చి చేయించారు. బ్రిటిష్ ఇండియాలో యూనివర్సిటీలన్నీ ఇంగ్లీషు మీడియంలో ఉన్నప్పుడు ఇది చిన్న ధైర్యం కాదు.

అలా ఉర్దూలో చదివినవాళ్లు పైచదువులకి పనికిరారని అప్పుడూ అనేవాళ్లు. ఏం జరిగిందో చూడండి. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో చదివిన రజీయుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జి వెళ్లి, అక్కణ్ణుంచి లైప్జిగ్ వచ్చి డాక్టరేట్ చేశారు. అప్పుడు లైప్జిగ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసరు ఎవరో కాదు, వెర్నర్ హైసెన్‌బర్గ్. సిద్దిఖీ తిరిగొచ్చి ఉస్మానియాలో లెక్కల పాఠాలు చెప్పారు. అంటే హైసెన్‌బర్గ్ ఉన్న ఊళ్లో చదివొచ్చిన మనిషి మన హైదరాబాదు కుర్రాళ్లకి ఉర్దూలో లెక్కలు చెప్పాడన్నమాట. ఇంకొకరు ముహమ్మద్ హమీదుల్లా, ఆయన కూడా ఉస్మానియానే. 1930ల మొదట్లో బాన్ యూనివర్సిటీలో డాక్టరేట్, ఆ వెంటనే పారిస్‌లో రెండోది.

ఉస్మానియాతో సంబంధం లేని హైదరాబాదీలు కూడా వెళ్లారు. 1897లో హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్ 1926లో బెర్లిన్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆయనే తర్వాత మన రాష్ట్రపతి. ఆబిద్ హసన్ ఇంజనీరింగ్ చదవడానికి బెర్లిన్ వెళ్లి, చదువు మధ్యలో ఆపేసి సుభాష్ చంద్రబోస్ వెంట నడిచాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జలాంతర్గామిలో బోస్‌తో పాటు బయల్దేరిన ఒకే ఒక్క భారతీయుడు ఈ హైదరాబాదీ. "జై హింద్" నినాదం కూడా ఆయనదే అంటారు.

ఇంతవరకూ చదివి "అబ్బో, నిజాం గొప్పోడు" అనుకుంటున్నారేమో, ఆగండి. నాణేనికి రెండో వైపు ఉంది, అది మావైపు.

హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువ. అంటే "సొంత భాషలో చదువు" అన్న మంచి సూత్రం నర్సంపేట తాలూకా రైతు కొడుక్కి ఇంకో పరాయి భాష అయి కూర్చుంది. మా తాత పోలీసు చర్యకి ముందు బడికి పోయినవాడు. ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ. ముసలితనంలో కూడా వడ్ల బస్తాల లెక్క ఉర్దూలోనే వేసేవాడు. "గదేంది తాతా, తెలుగుల లెక్కపెట్టరాదా?" అంటే "గట్లనే వచ్చింది బిడ్డా, తెలుగుల జేస్తే లెక్క తప్పుతది" అనేవాడు. నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే అది నవ్వే విషయం కాదనిపిస్తుంది. నేను కూడా ఇప్పుడు ఏ లెక్కయినా ఇంగ్లీషులోనే కదా వేస్తున్నది!

అసలు తెలుగు మాట్లాడటమే చిన్నతనంగా చూసిన రోజులవి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటర్లో ఒక సభ జరిగింది. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు నడిచాయి. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం లోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ కవుల సంచిక తెచ్చింది కూడా, తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకి జవాబుగానే.

మా నర్సంపేట పక్కనే లక్నేపల్లి ఉంది. 1921లో అక్కడ పుట్టిన పిల్లాడు ఈ రెండు వైపులనీ చూశాడు. ఆయన పీవీ నరసింహారావు. హనుమకొండలో చదువుతుండగా 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులని వెళ్లగొట్టారు. పీవీ రాజ్యం దాటి వెళ్లి పూణెలో, నాగపూర్‌లో చదువు పూర్తిచేసుకోవాల్సి వచ్చింది. మనవాళ్లు ఆయన్ని 1991 సంస్కరణలకే గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది 1968. ఆ ఏడాది డిగ్రీ స్థాయి పుస్తకాలు తెలుగులో తేవడానికి తెలుగు అకాడమి పెట్టినప్పుడు విద్యామంత్రి ఆయనే, అకాడమి మొదటి అధ్యక్షుడూ ఆయనే. ఉస్మానియా పుట్టిన సరిగ్గా 50 ఏళ్లకి, ఉర్దూ దారుల్ తర్జుమా చేసిన పనిని తెలుగుకి చేయించే బాధ్యత లక్నేపల్లి మనిషి చేతికొచ్చింది. సూత్రం మంచిదే, అది తనవాళ్లకి అందలేదని తెలిసిన మనిషి చేసిన పని అది. ఇవాళ గ్రూప్స్ పరీక్షలకి చదివే ప్రతివాడి బల్ల మీదా ఆ పుస్తకాలుంటాయి.

కానీ ఆ బండి ఇంజనీరింగ్ గుమ్మం దాకా రాలేదు. అరవయ్యేళ్లు దాటాక పీవీ కంప్యూటర్ నేర్చుకుని కోబాల్, బేసిక్‌లలో ప్రోగ్రాములు రాశారు. కానీ కంప్యూటర్ శాస్త్రానికి మాత్రం తెలుగు రాలేదు. 2021లో తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో బీటెక్ చెప్పుకోవచ్చని ఏఐసీటీఈ అనుమతిచ్చింది. చేరేవాళ్లు ఎందరన్నది మీకూ తెలుసు. ఉద్యోగం ఇంగ్లీషులో ఉంటే చదువు తెలుగులో ఎవరు కోరుకుంటారు? నేనూ కోరను. ఇందులో తప్పు పిల్లలది కాదు.

లైప్జిగ్‌లో నా ల్యాబ్‌మేట్ ఒకతను ఒకసారి అడిగాడు, మీ దగ్గర కంప్యూటర్ సైన్స్ ఏ భాషలో చెప్తారని. ఇంగ్లీషులో అన్నాను. ఇంట్లో? తెలుగు. "మరి మీ అమ్మకి నీ పనేంటో ఎలా చెప్తావు?" అన్నాడు. "సాఫ్ట్‌వేర్ అని చెప్తా" అన్నాను :-). అతను నవ్వలేదు. వాళ్లకి స్టాక్ అంటే "కెల్లర్", నేలమాళిగ. 1957లో బావర్, జామెల్సన్ అనే ఇద్దరు జర్మన్లు దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టినప్పటి నుంచి ఆ మాట ఉంది. మెమరీ అంటే "ష్పైషర్", ధాన్యం దాచే కొట్టుకీ అదే మాట, మా దిక్కు గుమ్మి అన్నట్టు. మా క్లాసు ఇంగ్లీషులోనే జరిగేది, కానీ పక్కబెంచీ వాళ్లు డౌట్లు తీర్చుకునేది మాత్రం జర్మన్‌లోనే. ప్రపంచంతో ఇంగ్లీషు, ఆలోచనకి జర్మన్. ఒకదానికోసం రెండోది వదులుకోవాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

2023-24 శీతాకాలం సెమిస్టర్‌కి జర్మనీలో మన దేశం విద్యార్థులు 49 వేలు దాటారు, విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే ఎక్కువ. అందులో తెలుగువాళ్లు ఎంతమందో ఏ స్టూడెంట్ హాస్టల్ వంటగదిలోకి తొంగిచూసినా అర్థమవుతుంది. చాలామంది ఇంగ్లీషు కోర్సులో చేరి, ఇంగ్లీషులో ప్రాజెక్టు చేసి, తెలుగువాళ్లతో వండుకు తిని వచ్చేస్తారు. వెళ్లేవాళ్లకి నేను చెప్పేది రెండే మాటలు. కనీసం బీ1 దాకా జర్మన్ నేర్చుకోండి. 1930లలో ఉర్దూ మీడియం కుర్రాళ్లు వెళ్లి డాక్టరేట్లే తెచ్చుకున్నారు, మనకేం తక్కువ? రెండోది, మీ పని ఏంటో ఒక్కసారి మీ అమ్మకి తెలుగులో చెప్పి చూడండి, "సాఫ్ట్‌వేర్" అన్న మాట వాడకుండా. ఎక్కడ మాట దొరక్క ఆగిపోతారో అక్కడ ఒక కొత్త మాట కావాలన్నమాట. థొమాజియస్ కాలంలో జర్మన్‌లో కూడా అలాంటి ఖాళీలు బోలెడు. అవి నింపడానికి వాళ్లకి వందేళ్లు పట్టింది. మనం ఇంకా మొదలే పెట్టలేదు.