జంటగొట్టాల తుపాకి: గుంటూరు, ప్రకాశం మైదానంలో ఒక పనిముట్టు, ఒక మాట

తెలుగులో ‘తుపాకి’ చాలా విశాలమైన మాట. పోలీసు భుజాన ఉన్నదీ, దొర వేటకు పట్టుకెళ్ళినదీ, జొన్నచేలో మంచె మీద రైతు పక్కన పెట్టుకొన్నదీ, ఇవాళ బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు చేతిలో కనిపించేదీ అన్నీ తుపాకులే. గొట్టం లోపల నున్నగా ఉందా, మెలిక తిరిగిన గాడులు కోసి ఉందా అన్న భేదాన్ని ఈ మాట పట్టించుకోదు. చట్టానికి మాత్రం ఆ భేదమే కీలకం. అందువల్ల గుంటూరు, ప్రకాశం ప్రాంతాల గ్రామచరిత్రలలో, ఆత్మకథలలో, కథానికలలో ‘వేట తుపాకి’ అన్న మాట ఎదురైనప్పుడు రైఫిల్‌ను ఊహించుకొంటే మన పఠనం దారి తప్పుతుంది. ఈ మైదానంలో రైతు ఇంటికి చేరగలిగిన జంటగొట్టాల తుపాకి దాదాపు ఎప్పుడూ నున్నగొట్టం తుపాకే. జంటగొట్టాల రైఫిల్ వేరే తరగతి మనుషుల సొత్తు. ఈ తేడా ఎలా ఏర్పడిందో, దాన్ని ఏది నిలబెట్టిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మాటల సంగతి చూడాలి. తెలుగు సాహిత్యంలో వేటకు కొరత లేదు. మనుచరిత్రలో స్వరోచి వేట ఉంది. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేట ఉంది. విల్లు, వల, ఉరి, జాగిలం, పొంచి ఉండటం, సోయగొట్టడం వంటి వాటికి దేశిపదాలు పుష్కలం. తుపాకి వచ్చేసరికి ఆ సంపద అక్కరకు రాలేదు. ‘తుపాకి’ తురుష్క మూలం గల పదం. ‘ఫిరంగి’ అన్నది మొదట పాశ్చాత్యుడికి పేరు, తరువాత అతని ఆయుధానికి పేరయింది. రంజకం, గజం, తోటా హిందుస్తానీ సైనికుల వాడుక వెంట వచ్చాయి. ఇవన్నీ నోటివైపునుంచి మందు దట్టించే పాత తుపాకికి సంబంధించిన మాటలని గమనించాలి. గొట్టాన్ని విరిచి వెనుకనుంచి తోటా పెట్టే తుపాకి 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో వచ్చింది. దానితో వచ్చిన బోరు, చోకు, ట్రిగ్గరు, కార్ట్రిడ్జి అన్నీ ఇంగ్లీషు మాటలే. పాత పొరలో గురి, గుండు, మందు, మడమ అనే నాలుగు మాటలు మాత్రం కొత్త తుపాకికీ అతుక్కొని నిలిచాయి. ఏ కథనంలోనైనా ‘రంజకం’ కనిపిస్తే అది ఏ కాలపు, ఏ ధర తుపాకి అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్లే.

1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధ చట్టం తెచ్చింది. అదే ఏడు దేశభాషా పత్రికల చట్టమూ వచ్చింది. పత్రికల చట్టం 1882లో రద్దయింది. ఆయుధ చట్టం మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా పుష్కరకాలం బతికింది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. ఐరోపావారికి మాత్రం నిబంధనల ద్వారా మినహాయింపు ఇచ్చారు. 1887లో చెన్నపట్నంలో జరిగిన కాంగ్రెసు మహాసభలో ఈ వివక్ష మీద వాదోపవాదాలు జరిగాయి. బిపిన్ చంద్ర పాల్ ఆ చట్టాన్ని ఎత్తివేయాలన్నాడు. 1930 జనవరిలో గాంధీ వైస్రాయి ముందుంచిన పదకొండు కోరికల్లో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది కూడా ఒకటి. అహింసావాది నోట ఆ కోరిక రావడం కొందరికి వింతగా తోస్తుంది. లైసెన్సు అప్పటికి ఆయుధానికి సంబంధించిన విషయంగా కాక, సర్కారు ఎవరిని నమ్ముతుంది అన్న విషయంగా మారిందని గుర్తిస్తే అందులో వింత ఉండదు.

పలనాటిలో ఆ నమ్మకం ఎటు ఉన్నదో 1922 ఫిబ్రవరిలో తేలింది. పుల్లరి కట్టబోమన్న మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. పశువుల మేతకోసం మొదలైన ఆ తగవులో తుపాకులు సర్కారు పక్షాననే ఉన్నాయి. ఆ ఏడే ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీదికి వెళ్ళింది తుపాకుల కోసమే. తుపాకి దొరికే చోటు ఠాణా తప్ప మరొకటి లేని పరిస్థితిని 1878 చట్టమే కల్పించింది.

ఇక పనిముట్టు దగ్గరికి వద్దాం. జంటగొట్టాల రైఫిల్ ఖరీదు దాని నగిషీలోనో, వెండి పూవుల్లోనో లేదు. రెండు గొట్టాలను పక్కపక్కన అతికించి రెంటినీ ఒకే గురికి తేవడంలో ఉంది. కుడిగొట్టం పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నడంతోపాటు కుడికి ఒరుగుతుంది. ఎడమగొట్టం పేలితే ఎడమకు ఒరుగుతుంది. గొట్టాలు సరిగ్గా సమాంతరంగా ఉంటే గుండ్లు రెండూ ఎడంగా పోతాయి. కాబట్టి మూతివైపు గొట్టాలు కొంచెం దగ్గరయ్యేట్లు అమరుస్తారు. ఎంత దగ్గరగా అన్నది లెక్క వేసి చెప్పగలిగింది కాదు. పనివాడు పేల్చి చూస్తాడు, మూతి దగ్గర రెండు గొట్టాల మధ్య ఉన్న సన్నని చీలను టంకం కరిగించి జరుపుతాడు, మళ్ళీ పేల్చి చూస్తాడు. రెండు గొట్టాల గుండ్లూ ఒకే చోట పడేదాకా ఇదే వరస. బర్మింగ్‌హామ్‌లోనూ బెల్జియంలోని లియేజ్‌లోనూ తయారైన చౌక రకాల్లో ఈ శ్రమే తగ్గింది. చూపుకు అది ఖరీదైనదానిలాగే ఉంటుంది. గుండ్లు మాత్రం చెరో దారిన పోతాయి.

ఇంత పట్టి కుదిర్చిన గురి కూడా ఒక ఫలానా తోటాకే చెల్లుతుంది. మందు మారినా, గుండు బరువు మారినా గొట్టాలు ఒరిగే తీరు మారి గుండ్లు విడిపోతాయి. నల్లమందు పోయి కార్డైట్ వచ్చినప్పుడు పాత తుపాకులన్నిటికీ ఈ చిక్కే వచ్చింది. ఎండ మరొక చిక్కు. కార్డైట్ వేడెక్కితే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకని ఇంగ్లండు తయారీదారులు ఉష్ణదేశాలకు మందు తగ్గించిన తోటాలు వేరే చేసి అమ్మారు. రెంటచింతల ఎండ తెలిసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో విడమరచి చెప్పనక్కరలేదు. కాబట్టి చౌక జంట రైఫిల్ కొన్నవాడికి దాన్ని సరిచేసుకొనే మార్గం ఆకురాయి పట్టడం కాదు, దానికి నప్పే తోటాను వెతుక్కోవడం. తోటాలు దూరదేశం నుంచి ఓడలో రావలసిన చోట ఆ వెతుకులాట ఎవరికి సాధ్యమో ఊహించడం కష్టం కాదు.

రెండు రకాలకూ మధ్య రాజీ ఒకటి పుట్టింది, అదీ భారతదేశపు అవసరాల నుంచే. బెంగాలు సైన్యంలో పనిచేసి విక్టోరియా క్రాస్ పొందిన ఫాస్బెరీ 1885లో ఒక పేటెంటు తీసుకొన్నాడు. గొట్టమంతా నున్నగా ఉంచి మూతి దగ్గర రెండంగుళాల మేర మాత్రమే గాడులు కోయడం అందులోని కిటుకు. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ దాన్ని ‘పారడాక్స్’ పేరుతో అమ్మింది. రవ్వలతో పిట్టనూ, గుండుతో పెద్ద జంతువునూ ఒకే తుపాకితో కొట్టవచ్చు. రెండు తుపాకుల ఖర్చు తప్పినా అది కూడా దొరల బంగళా దాటి వచ్చే వస్తువు కాలేదు.

మైదానపు రైతుకు అందింది పన్నెండు బోరు నున్నగొట్టం జంట. పన్నెండు అన్నది కొలతబద్ద మీది అంకె కాదు. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయని దాని అర్థం. అంటే గుండు ఒక్కొక్కటి దాదాపు 38 గ్రాములు, గొట్టం వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. రెండు గొట్టాలకూ మూతి బిగువు ఒకలా ఉండదు. సాధారణంగా కుడిది వదులు, ఎడమది బిగువు; ఎడమదాని మూతి దాదాపు ఒక మిల్లీమీటరు ఇరుకు. 40 గజాల దూరాన 30 అంగుళాల వలయంలో బిగువు గొట్టం నూటికి 70 రవ్వలు వేస్తుంది, వదులు గొట్టం 40 వేస్తుంది. ముందు ట్రిగ్గరు కుడిగొట్టానికి, వెనుకది ఎడమగొట్టానికి. చేలోకి వచ్చింది పూరేడు పిట్టా, అడవి పందా అన్నదాన్ని బట్టి వేలు ఏ ట్రిగ్గరు మీదికి పోవాలో తేల్చుకొనే వెసులుబాటు ఇక్కడ ఉంది. నా దృష్టిలో జంటగొట్టాల అసలు గుణం ఇదే; రెండు దెబ్బలు అన్నది దాని తరువాతి మాట.

ఈ తుపాకిని సరిచేసుకోవడమూ వేరుగా ఉంటుంది. గోడకు పెద్ద కాగితం అంటించి రవ్వలు ఎలా పరుచుకొంటున్నాయో చూడటం, ఏ రవ్వ సైజు ఏ గొట్టానికి నప్పుతుందో గుర్తుపెట్టుకోవడం, మడమ పొడవు భుజానికి కుదిరేట్లు చూసుకోవడం. వట్టి గుండు వేసేవాడు బిగువు గొట్టం సంగతి తప్పక తెలుసుకోవాలి. మూతి ఇరుకుకన్న పెద్ద గుండు పెడితే గొట్టం ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. దేశీయంగా బెంగాలులోని ఇచ్ఛాపూరు రైఫిల్ ఫ్యాక్టరీ పన్నెండు బోరు తుపాకులు చేసింది. పుణె దగ్గరి ఖడ్కీ నుంచి ‘శక్తిమాన్’ తోటాలు వచ్చాయి. దిగుమతులు ఆగిపోయిన తరువాత కొనదలచినవారికి ఇవే దిక్కయ్యాయి.

1959 డిసెంబరులో పార్లమెంటు కొత్త ఆయుధ చట్టం చేసింది. అది 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దాని 13వ సెక్షను మన విషయానికి గుండెకాయ వంటిది. పంటరక్షణ కోరేవాడికి నోటినుంచి మందు దట్టించే తుపాకి. ఆత్మరక్షణకో, క్రీడకో కోరేవాడికి 20 అంగుళాలకు తగ్గని గొట్టం గల నున్నగొట్టం తుపాకి. ఈ రెంటికీ అధికారి లైసెన్సు ఇవ్వవలసిందే. దట్టించే తుపాకి పంటరక్షణకు చాలదని అధికారి తృప్తి పడితే రైతుకు వేరే నున్నగొట్టం తుపాకి ఇవ్వవచ్చు. రైఫిళ్ళలో గురి సాధనకు క్లబ్బు సభ్యులు కోరే పాయింటు 22 బోరుకే ఇలా హక్కుగా చోటు దొరికింది. వేట రైఫిల్ కావాలంటే తగిన కారణం చూపి ఒప్పించుకోవాలి. చట్టం దృష్టిలో పంట కాచేవాడి ఆయుధం 19వ శతాబ్దిదిగానే ఉండిపోయింది. అతను జంటగొట్టాల తుపాకి కోరితే తన పాత తుపాకి చాలదని రుజువు చేయాలి, లేదా పంట మాట మాని ప్రాణభయం మాట ఎత్తాలి. ఈ రెండో దారి సులువు. లైసెన్సు అర్జీలను ఒక రచనాప్రక్రియగా చదివే పరిశోధకులు ‘ఆత్మరక్షణ’ అన్న మాటను యథాతథంగా తీసుకోకపోవడం మంచిది. దాని వెనుక చాలాచోట్ల ఒక వేరుశనగ చేను ఉండవచ్చు.

అదే చట్టంలో 14వ సెక్షను చెప్పే మాటకు రావలసినంత ప్రచారం రాలేదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని అది స్పష్టంగా చెబుతుంది. కాగితం మీద ఇది పెద్ద మార్పు. ఊరిలో జంటగొట్టాల తుపాకి పెద్దరైతు చావడిలో గోడకు వేలాడే గౌరవచిహ్నంగా మిగలడానికి కారణం చట్టం అక్షరం కాదు, తుపాకి ధర, అర్జీ పెట్టే పలుకుబడి. చేను కాచిన కూలీకి వడిసెల మిగిలింది. పొలంలో ఎలుకలను పట్టే యానాది వేటకు తుపాకి అక్కరే లేకపోయింది. మరమ్మతు సంగతీ అంతే. 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేనివాడు తుపాకిని బాగుచేయడం కూడా నేరం. 6వ సెక్షను ప్రకారం గొట్టం కురచ చేయడమూ అంతే. గొట్టానికి కొలిమిలో టంకం పెట్టగల ఊరి కమ్మరి నైపుణ్యం ఈ విధంగా చట్టం వెలుపలికి పోయి ‘నాటు తుపాకి’ అన్న మాటలో తలదాచుకొంది.

తుపాకి పట్టలేనివారు దానికి ఇచ్చిన జవాబు పిట్టలదొర. ఖాకీ కోటు, దొరటోపీ, భుజాన కర్ర తుపాకి. ఇంటింటి ముందూ నిలబడి తన వేట ప్రతాపాలు ఏకరువు పెట్టే ఆ పగటివేషానికి ‘తుపాకి రాముడు’ అని కూడా పేరు. గొప్పలు చెప్పేవాణ్ణి అలా పిలవడం తెలుగునాట ఇప్పటికీ వాడుకే. దీన్ని కేవలం హాస్యంగా చదవడం నాకు సమ్మతం కాదు. దొర దగ్గర ఉన్నవి తుపాకి, టోపీ, కబుర్లు. వాటిలో టోపీనీ కబుర్లనూ తీసుకొని తుపాకి స్థానంలో కర్రను పెట్టడం చాలా పదునైన విమర్శ. లైసెన్సు అక్కరలేని తుపాకి అదొక్కటే గదా!

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అన్న మాటనే ఈ కథలోంచి తీసేసింది. నిలిచిన పంటకు నష్టం చేసే కొన్ని జంతువుల విషయంలో 11వ సెక్షను కింద అటవీ ఉన్నతాధికారి అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి లేనిదే పందిని కొట్టరాదు. నల్లమల వైపు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, ఇవతల పత్తి, మిరప చేలు. ఈ రెంటి సరిహద్దున పంటరక్షణ లైసెన్సు గల రైతు చేతిలోని తుపాకి చప్పుడు చేసే సాధనంగా మారింది. చప్పుడుకు డబ్బాలు చాలు. ఆ తరువాత జంటగొట్టాల తుపాకి ఎక్కువగా కనిపించే చోటు బ్యాంకు గుమ్మం.

లైసెన్సు పుస్తకాల్లో వీటి పేర్లు నాలుగక్షరాల ఇంగ్లీషు సంకేతాలు: దట్టించే ఒంటిగొట్టానికి ‘ఎస్.బి.ఎం.ఎల్.’, విరిచే జంటగొట్టాలకు ‘డి.బి.బి.ఎల్.’. ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సుదారులు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకొనే ఆనవాయితీ ఉంది. ఊళ్ళ చరిత్ర రాసేవారికి ఆ రసీదుల మీది నాలుగక్షరాలే పనికివస్తాయి. ఏ ఊరిలో ‘ఎం.ఎల్.’ ఎన్ని, ‘బి.ఎల్.’ ఎన్ని, అవి ఏ ఇంటిపేర్ల మీద ఉన్నాయి అన్నది వాటిలోనే చూడాలి.