భోలా చేతిలో బ్రష్

నా చిన్నప్పుడు ఒక ఆదివారం టీవీలో ‘బూట్ పాలిష్’ వచ్చింది. ఏ సినిమా ముందూ పది నిమిషాలు కూర్చోని మా అబ్బా ఆ రోజు కదల్లేదు. భోలా, బేలూ దాచుకున్న పైసలతో పాలిష్ సామాను కొనుక్కునే చోట ఆయన కళ్లు తడిశాయి. అబ్బా ఆరేళ్లకే యతీం అయ్యారనీ, ఒక దర్జీ ఉస్తాద్ దగ్గర కాజాలు కుడుతూ పెరిగారనీ ఆ రాత్రి దాదీ చెప్తేనే నాకు తెలిసింది.

1954లో రాజ్‌కపూర్ నిర్మాణంలో, ప్రకాశ్ అరోరా దర్శకత్వంలో వచ్చిన సినిమా అది. ఆజాదీ వచ్చి అప్పటికి ఏడేళ్లే. తల్లి పోయిన ఇద్దరు పిల్లల్ని పిన్ని కమల బొంబాయి వీధుల్లో అడుక్కు రమ్మని తోలుతుంది. జాన్ చాచా మాత్రం చేయి చాపొద్దు, మెహనత్ చేసి తినమంటాడు. దొంగసారా అమ్ముకునే ఆ మనిషే వాళ్లకు ఇజ్జత్ అంటే ఏమిటో నేర్పుతాడు. ఆ పాత్రకు డేవిడ్‌కూ, ఉత్తమ చిత్రంగా సినిమాకూ ఫిలింఫేర్ అవార్డులు దక్కాయి.

అయితే నన్ను ఇప్పటికీ వెంటాడేది అందులోని వాన. వానలో బూట్లకు పాలిష్ ఎవరు చేయించుకుంటారు? చాచా జైల్లో ఉన్నాడు. చెల్లెలు రైలెక్కి దూరమైంది. ఇక అడుక్కోనని కసమ్ తిన్న భోలా ఆకలికి ఓడి స్టేషన్‌లో చేయి చాపుతాడు. ఎదురుగా బేలూ! సిగ్గుతో పారిపోతాడు. ఖుద్దారీ ఒక్కటే కడుపు నింపదని ఆ సీను చెబుతుంది. సినిమాలో చివరికి ఒక కలిగిన కుటుంబం ఇద్దర్నీ చేరదీస్తుంది. బయట అందరికీ అలాంటి నసీబ్ ఉండదు.

తెర మీద కలిసిన ఆ అన్నాచెల్లెళ్లను తర్వాత సరిహద్దు విడదీసింది. భోలాగా నటించిన రతన్ కుమార్ అసలు పేరు సయ్యద్ నజీర్ అలీ. 1956లో కుటుంబంతో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. బేలూగా చేసిన నాజ్ అసలు పేరు సల్మా బేగ్. 1955లో కాన్ చిత్రోత్సవంలో ప్రత్యేక గుర్తింపు పొందిన ఆ పాప ఇక్కడే ఉండిపోయింది.

అబ్బా తర్వాత సొంత దుకాణం పెట్టారు. పని నేర్చుకోవడానికి వచ్చిన యతీం పిల్లల్ని పొద్దున బడికి పంపి, సాయంత్రమే సూది చేతికిచ్చేవారు. వాన పట్టి గిరాకీ లేని రోజు కూడా మా అమ్మీ వాళ్లకు అన్నం వండేది. ఒకసారి ఎందుకని అడిగాను.

“భోలాకి వాన రోజు ఎవరూ లేకపోయారు బేటా,” అన్నారు అబ్బా.