వైఖరి మాపనుల చరిత్ర: బొగార్డస్ నుంచి లైకర్ట్ వరకు

పరిచయం

సర్వే ప్రశ్నావళిలో అయిదు గళ్ల పట్టికను మీరు చూసే ఉంటారు. "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "పూర్తిగా వ్యతిరేకిస్తాను" వరకు అయిదు సమాధానాలు, వాటికి 5 నుంచి 1 వరకు అంకెలు. ఇది ఎంతగా అలవాటైందంటే, ఎందుకు పుట్టిందని మనం అడగడం మానేశాం. కాని ప్రతి మాపని ఒక కాలంలో, ఒక సమస్యను అర్థం చేసుకోవడానికి, కొన్ని ప్రమేయాలపై ఆధారపడి తయారైంది. ఆ ప్రమేయాలు తెలియకుండా మాపనిని వాడితే అంకెలు వస్తాయి గాని, వాటి అర్థం చేతికి రాదు.

సామాజిక దూరం: బొగార్డస్

మొదటి ప్రపంచ యుద్ధం తరవాత అమెరికాలో వలసలు పెద్ద వివాదమయ్యాయి. 1924 నాటి వలస చట్టం ఆసియా వాసుల రాకను దాదాపు పూర్తిగా ఆపివేసి, దక్షిణ, తూర్పు ఐరోపా వారి కోటాలను బాగా తగ్గించింది. ఆ మరుసటి ఏడాది, అంటే 1925లో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎమరీ బొగార్డస్ సామాజిక దూర మాపనిని ప్రకటించాడు. ఒక జాతివారిని వివాహబంధువులుగా, క్లబ్బులో మిత్రులుగా, వీధిలో ఇరుగుపొరుగుగా, వృత్తిలో తోటివారిగా, దేశపౌరులుగా, కేవలం సందర్శకులుగా అంగీకరిస్తారా, లేక దేశంలోకే రానివ్వరా అన్నవి అందులోని ఏడు మెట్లు.

ఇందులో "ఇష్టమా, కాదా" అన్న ప్రశ్న లేదు. "ఎంత దగ్గరికి రానిస్తారు" అన్న ప్రశ్న ఉంది. వివాహానికి ఒప్పుకొన్నవారు మిగిలిన సంబంధాలన్నింటికీ ఒప్పుకొంటారన్నది దీని ప్రమేయం. మన దేశంలో పరిశోధకులు జాతి స్థానంలో కులాన్ని ఉంచి ఈ పద్ధతిని వాడారు. అయితే సహపంక్తి భోజనం, ఇంట్లోకి రానివ్వడం, ఒకే బావి నీళ్లు తోడుకోవడం వంటివి అసలు మాపనిలో లేవు. మన గ్రామాల్లో కులదూరం బయటపడేది అక్కడే. ఆ మెట్లను చేర్చకుండా మాపనిని యథాతథంగా అనువదిస్తే, అది ముఖ్యమైన దూరాన్నే వదిలేస్తుంది.

న్యాయనిర్ణేతల పద్ధతి: థర్‌స్టన్

షికాగో విశ్వవిద్యాలయంలోని లూయీ థర్‌స్టన్ వైఖరులను కొలవడం సాధ్యమేనని 1928లో వాదించాడు. 1929లో చేవ్‌తో కలిసి చర్చి పట్ల వైఖరిని కొలిచే మాపనిని ప్రచురించాడు. 130 వాక్యాలను 300 మందికి ఇచ్చి, అనుకూలత ప్రకారం 11 దొంతరలుగా పేర్చమన్నారు. వారి నిర్ణయాల మధ్యగతమే ఆ వాక్యం విలువ. చివరికి 45 వాక్యాలు నిలిచాయి.

న్యాయనిర్ణేత సొంత వైఖరి ఈ పేర్పుపై ప్రభావం చూపదన్నది ఇక్కడి ప్రమేయం. 1952లో హోవ్‌లండ్, షెరిఫ్ దీన్ని పరీక్షించారు. నల్లజాతివారికి సంబంధించిన వాక్యాలను పేర్చేటప్పుడు, ఆ విషయంలో బలమైన అభిప్రాయం ఉన్నవారి నిర్ణయాలు ఒక పక్కకు జరుగుతాయని వారు చూపారు.

సంకలిత మాపని: లైకర్ట్

కొలంబియా విశ్వవిద్యాలయంలో రెన్సిస్ లైకర్ట్ 1932లో న్యాయనిర్ణేతల అవసరమే లేని పద్ధతిని ప్రతిపాదించాడు. అంతర్జాతీయ సంబంధాలు, జాతి సమస్య, సామ్రాజ్యవాదం అతని విషయాలు. ప్రతి వాక్యానికి అయిదు సమాధానాలు ఇచ్చి, వచ్చిన అంకెలను కూడితే చాలునని చూపాడు. ఖర్చు, శ్రమ తగ్గడంతో ఈ పద్ధతి త్వరగా వ్యాపించింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. లైకర్ట్ మాపని అంటే అనేక వాక్యాలకు వచ్చిన అంకెల మొత్తం. అయిదు సమాధానాలున్న ఒకే ఒక ప్రశ్నను "లైకర్ట్ మాపని" అనడం విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల్లో తరచుగా కనిపించే పొరపాటు. కొలత స్థాయిలను నామమాత్ర, క్రమసూచక, అంతర, నిష్పత్తి స్థాయిలుగా 1946లో స్టీవెన్స్ వర్గీకరించాక మరో ప్రశ్న కూడా ముందుకొచ్చింది: 5కు 4కు మధ్య ఉన్న దూరం, 3కు 2కు మధ్య ఉన్న దూరం సమానమేనా? దీనిపై చర్చ నేటికీ ముగియలేదు.

మాటకు, చేతకు మధ్య

రిచర్డ్ లాపియర్ 1934లో ప్రచురించిన పరిశీలన ఈ చరిత్రలో ఒక హెచ్చరిక. ఒక చైనా దంపతులతో కలిసి ఆయన అమెరికా అంతటా ప్రయాణించాడు. వెళ్లిన 251 హోటళ్లు, భోజనశాలల్లో ఒక్కచోట మాత్రమే వారిని కాదన్నారు. తరవాత "చైనా వారిని అతిథులుగా స్వీకరిస్తారా" అని అవే సంస్థలకు ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చిన 128 సంస్థల్లో 90 శాతానికి పైగా స్వీకరించమన్నాయి. మాపని కొలిచేది చెప్పిన మాటను. చేసే పనిని కాదు.

మన సందర్భం

లైకర్ట్ గురువు గార్డ్‌నర్ మర్ఫీ 1950లో యునెస్కో తరఫున భారతదేశానికి వచ్చి, దేశ విభజన తరవాతి మతవైషమ్యాలను భారతీయ మనోవిజ్ఞానవేత్తలతో కలిసి అధ్యయనం చేశాడు. దానిపై ఆయన గ్రంథం 1953లో వెలువడింది. మనుషుల మధ్య విద్వేషాన్ని అర్థం చేసుకోవాలన్న తపనే అక్కడా, ఇక్కడా ఈ అధ్యయనాలకు ప్రేరణ.

తెలుగులో సర్వే చేసేవారికి రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, "తటస్థం" అన్న గడి. అభిప్రాయం లేనివారు, చెప్పడానికి జంకేవారు, ప్రశ్న అర్థంకానివారు అందరూ అందులోనే చేరి 3 అంకె పొందుతారు. కాబట్టి "తెలియదు", "చెప్పలేను" అన్నవి వేరుగా నమోదు చేయాలి. రెండోది, చదువుకున్నవారు ఇంటికి వచ్చి అడిగితే మర్యాదకొద్దీ "అంతేనండి" అనే అలవాటు. దీన్ని పట్టుకోవడానికి అనుకూల, ప్రతికూల వాక్యాలను దాదాపు సమంగా కలిపి, ప్రతికూల వాక్యాలకు అంకెలను తిరగవేయాలి.

సారాంశం

బొగార్డస్ దూరాన్ని, థర్‌స్టన్ వాక్యం విలువను, లైకర్ట్ అంగీకార తీవ్రతను ఆధారంగా తీసుకున్నారు. ఏ మాపనిని ఎన్నుకున్నా, దాని ప్రమేయం మీరు అధ్యయనం చేస్తున్న ప్రజల జీవితానికి సరిపోతుందో లేదో ముందుగా పరిశీలించండి. ఆ పట్టికలో గుర్తు పెట్టేది ఒక మనిషి; మనం రాసుకునేది ఒక అంకె. ఆ రెండింటి మధ్య ఏం జారిపోయిందో చెప్పగలగడమే పరిశోధకుని బాధ్యత.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బొగార్డస్ మాపనిలోని ఏడు మెట్లను పేర్కొని, మీ ఊరి పరిస్థితికి తగినట్లు రెండు మెట్లను చేర్చండి.
2. థర్‌స్టన్, లైకర్ట్ పద్ధతుల మధ్య భేదాలను వివరించండి.
3. లాపియర్ పరిశీలన నుంచి సర్వే పరిశోధకులు గ్రహించవలసినదేమిటి?