లాన్ కార్డు ఎలా చవకైంది

1982లో ఐబీఎం పీసీకి నెట్‌వర్క్ కార్డు కొనాలంటే 950 డాలర్లు పెట్టాలి. అంతకు ముందు ఏడాది వచ్చిన ఆ పీసీ ప్రారంభ ధరే 1,565 డాలర్లు. ఒక కంప్యూటర్ని ఇంకోదానితో కలపడానికి, కంప్యూటర్ ధరలో సగానికి పైగా మళ్లీ కట్టాలన్నమాట. ఆ కార్డు పేరు ఈథర్‌లింక్, తయారుచేసింది త్రీకామ్. దాని వేగం 10 ఎంబీపీఎస్. అంతకు వంద రెట్లు వేగమున్న కార్డు ఇవాళ కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. చిప్పుల ధరలు తగ్గడం ఇందుకు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఎవరైనా తయారుచేసుకోగల కార్డుగా అది మొదటి నుంచీ పెరగడం.

ఆ కార్డు వాడిన ఈథర్‌నెట్ పద్ధతి పుట్టింది కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో. బాబ్ మెట్‌కాఫ్ 1973 మే 22న రాసిన ఆఫీసు నోట్‌లో ఆ ఆలోచన ఉంది. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన దాన్ని పని చేయించి చూపించాడు. పేటెంట్ జిరాక్స్‌దే. మెట్‌కాఫ్ 1979లో బయటికి వచ్చి త్రీకామ్ పెట్టాక డెక్, ఇంటెల్, జిరాక్స్ కంపెనీలు మూడింటినీ ఒక దగ్గరికి చేర్చాడు. ఆ మూడూ 1980లో ఉమ్మడి ప్రమాణాన్ని ప్రచురించాయి. వెయ్యి డాలర్లు కడితే చాలు, ఏ కంపెనీకైనా లైసెన్సు దొరికేది. ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా గొప్ప నిర్ణయం ఇదే. ఐబీఎం 1985లో తెచ్చిన పోటీ నెట్‌వర్క్ పద్ధతి టోకెన్ రింగ్‌కు సాంకేతికంగా మంచి పేరే ఉన్నా, ధరలో ఈథర్‌నెట్‌తో పోటీపడలేకపోయింది.

తొలి ఈథర్‌నెట్ కేబుల్ బాగా లావు. దానికి సిగ్నల్ పంపే పెట్టె కంప్యూటర్ బయట విడిగా ఉండేది. త్రీకామ్ ఇంజనీరు రాన్ క్రేన్ ఆ పెట్టె చేసే పనిని కార్డు మీదికే తెచ్చి, సన్నని కేబుల్‌తో నడిపించాడు. ఖర్చు బాగా తగ్గింది. కాకపోతే కేబుల్ చివర టెర్మినేటర్ ఊడితే ఆ లైనులోని కంప్యూటర్లన్నీ ఒక్కసారే ఆగిపోయేవి. 1990లో 10బేస్-టి ప్రమాణం వచ్చాక, ఒక్కో కంప్యూటర్ నుంచి హబ్‌కు విడి కేబుల్ లాగే పద్ధతి స్థిరపడి ఆ బాధ పోయింది.

కార్డును నిజంగా సామాన్యుల దగ్గరికి తెచ్చింది మాత్రం నావెల్. ఆ కంపెనీ అమ్మేది నెట్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్. కార్డులు చవకైతే నెట్‌వేర్ ఎక్కువగా అమ్ముడవుతుంది. అందుకే నేషనల్ సెమీకండక్టర్ వారి డీపీ8390 చిప్పుతో ఎంతో సాదాగా ఎన్ఈ2000 అనే కార్డు తెచ్చింది. అందులో ఉన్నది 16 కేబీ మెమరీ. డేటాను మోసే పని ప్రాసెసరుదే. ఆ సాదాతనమే దాని బలం. నకలు చేయడం తేలిక కాబట్టి తైవాన్ కంపెనీలు దాన్ని లెక్కలేనన్ని పేర్లతో తయారుచేశాయి. పెట్టె మీద ఏ పేరున్నా లోపల డ్రైవర్ ఒక్కటే. కొనేవాడికి దుకాణదారు చెప్పాల్సిన మాట కూడా ఒక్కటే: "ఎన్ఈ2000 కంపాటిబుల్." అమర్చడం మాత్రం ఓపిక పరీక్షే. కార్డును ఐఆర్‌క్యూ 3 అనే సంకేతపు లైను మీద పెడితే రెండో సీరియల్ పోర్టుతో గొడవ. జంపర్ మార్చి, మళ్లీ ఆన్ చేసి చూడాల్సి వచ్చేది.

ఇలాంటి చవక కార్డులకు లైనక్స్‌లో డ్రైవర్లు రాసిన డొనాల్డ్ బెకర్, 1994లో నాసాలో థామస్ స్టెర్లింగ్‌తో కలిసి 16 సాధారణ పీసీలను మామూలు ఈథర్‌నెట్‌తో జతచేశాడు. బియోవుల్ఫ్ అనే ఆ సముదాయం, బజారు సామానుతో సూపర్‌కంప్యూటర్ పనులు చేయించవచ్చని చూపింది.

తర్వాతి ఘట్టం తైవాన్‌లోని రియల్‌టెక్‌ది. దాని ఆర్‌టీఎల్8139 చిప్పు 100 ఎంబీపీఎస్ వేగాన్ని ఇళ్లలోకి తెచ్చింది. నిపుణులకు అది నచ్చలేదు. వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసరే మళ్లీ కాపీ చేసుకోవాలి. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు డ్రైవర్ రాసిన బిల్ పాల్ తన కోడ్ వ్యాఖ్యల్లోనే దాన్ని గట్టిగా విమర్శించాడు. ఆ విమర్శ సరైనదే, కానీ ఇంటికి కావలసింది సర్వర్ సామర్థ్యం కాదు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైనప్పుడు, నెట్‌వర్క్ పోర్టు లేని పాత పీసీలకు ఇలాంటి కార్డులే అక్కరకొచ్చాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణాల్లో అప్పట్లో లాన్ కార్డు అడిగితే చేతికొచ్చిన రకం ఇదే. మోడెమ్ ఇచ్చే వేగాన్ని అది సునాయాసంగా మోసేది.

ఇప్పుడు పోర్టు మదర్‌బోర్డు మీదే వస్తోంది. పిడుగుపాటుకు అది కాలిపోతే కొత్త కార్డు కొనక తప్పదు. అప్పుడు పెట్టె మీది పేరు కన్నా చిప్పు పేరు చూడండి. రియల్‌టెక్ 8111 రకం గిగాబిట్ కార్డు మామూలు ఇంటి కనెక్షన్‌కు సరిపోతుంది. అంతకు మించిన ప్లాను, దానికి తగ్గ రూటర్ ఉంటేనే 2.5 గిగాబిట్ కార్డు మీద డబ్బు పెట్టండి. కొనే ముందు మీ మదర్‌బోర్డులో ఉన్నది పాత పీసీఐ స్లాటో, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటో చూసుకోండి. ఒకదాని కార్డు ఇంకోదాంట్లో పట్టదు. కేబుల్లో నాలుగు జతల తీగలూ కలిపి ఉన్నాయో లేదో కూడా చూడండి. రెండు జతలే కలిపిన కేబుల్‌తో ఎంత మంచి కార్డయినా 100 ఎంబీపీఎస్ దాటదు.