సూర్యబింబముపై శుక్రుడు : విశాఖపట్టణమున ఒక యుదయము, 1874

చెన్నపట్టణమున నుంగంబాకమునందలి వాతావరణ కార్యాలయపు ఆవరణలో ఒక రాతిస్తంభము కలదు. ఎత్తు పదునైదడుగులు. 1792లో అచట వేధశాల నెలకొన్నపుడు, నక్షత్రములను గమనించు యంత్రమును మోయుటకై దానిని నిలిపిరి. స్తంభముపై లాటినుతోపాటు తమిళమునను తెనుగునను కూడ శాసనములు చెక్కబడి యున్నవి. నగరమున తరతరములుగా నివసించు తెలుగువారిలో ఆ యక్షరములను కన్నులార చూచినవారు మిక్కిలి తక్కువ. విశాఖపట్టణపు కథ ఆ స్తంభమునొద్దనే మొదలగుచున్నది గనుక ఈ ప్రస్తావన.

గోడేవారు విశాఖమండలమున పేరుమోసిన జమీందారులు. ఆ వంశమున జన్మించిన గోడే వేంకట జగ్గారావుగారు పడుచుతనమున చెన్నపట్టణము చేరి, అచటి వేధశాలాధ్యక్షుడగు టి.జి. టేలరు దొరవద్ద గణితమును జ్యోతిశ్శాస్త్రమును అభ్యసించిరి. టేలరు సామాన్యుడు కాడు. 1844లో వెలువడిన ఆయన నక్షత్రపట్టికలో 11,015 తారల స్థానములు లెక్కకట్టబడినవి. అట్టి గురువువద్ద నేర్చిన విద్య తన ఊరికిని ఉపయోగపడవలెనని జగ్గారావుగారు 1840 ప్రాంతమున విశాఖపట్టణమున డాబాగార్డెన్సులోని తమ స్థలమున స్వంత ధనముతో ఒక వేధశాలను నిర్మించిరి. సర్కారు సొమ్ము అందులో లేదు. డాల్ఫిన్సునోసు కొండమీద ధ్వజస్తంభము నెత్తించి, ప్రతిదినము ఉదయము తొమ్మిది గంటలకు సరిగా జెండా దిగునట్లు ఏర్పాటు చేసిరి. రేవునందలి ఓడలవారును ఊరివారును దానిని చూచి గడియారములు దిద్దుకొనుచుండిరి. జమీందారుల వేడుకలనగా ఏనుగులు, భోగములు, మేజువాణులు అని వాడుకగా చెప్పుకొందురు. ఊరికి కాలము చెప్పుట అను వేడుక మరియొకచోట కానరాదు.

1856లో జగ్గారావుగారు పరలోకగతులైరి. అల్లుడగు అంకితం వేంకట నరసింగరావుగారు సర్కారు కొలువు విడిచి, ఎస్టేటు బాధ్యతతోపాటు వేధశాల బాధ్యతను కూడ వహించిరి. మామగారి యాస్తిని అనుభవించు అల్లుండ్రు లోకమున పెక్కురు. మామగారి దూరదర్శినివద్ద రాత్రులు మేలుకొన్న అల్లుడు ఈయన యొక్కడే కాబోలు. లండనునందలి రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీవారు ఈయనను సభ్యునిగా చేర్చుకొనిరి.

ఆ కాలమున తెలుగుదేశపు ఆకాశమునకు లోకమున గొప్ప పేరు వచ్చినది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, బందరులమీదుగా సాగినది. ఫ్రాన్సునుండి వచ్చిన జాన్సెను గుంటూరున, చెన్నపట్టణపు వేధశాలాధ్యక్షుడు పోగ్సను బందరున, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచార్యులవారు వనపర్తిలో గ్రహణమును గమనించిరి. సూర్యుని చుట్టునుండు జ్వాలలను గ్రహణము లేని వేళనైనను చూడవచ్చునని జాన్సెను మరునాడే గుంటూరున కనుగొనెను.

ఆరేండ్లకు శుక్రుని వంతు వచ్చెను.

శుక్రుడు భూమికిని సూర్యునికిని నడుమ వచ్చుట తరచు జరుగును. కాని సరిగా సూర్యబింబముమీదుగానే పోవుట మిక్కిలి యరుదు. ఎనిమిదేండ్ల ఎడముతో రెండుమారులు జరిగి, పిమ్మట నూరేండ్లకు పైగా జరుగదు. 1769 తరువాత మరల 1874లోనే. దూరదూరముననున్న రెండు తావులనుండి ఆ నల్లని చుక్క బింబముమీద ప్రవేశించు క్షణమును, విడుచు క్షణమును గుర్తించి సరిపోల్చినచో, భూమికి సూర్యుడెంత దూరమో లెక్కకు వచ్చునని హాలీ 1716లోనే ఉపాయము చెప్పియుండెను. ఆ ఉపాయమును నమ్మి ఫ్రెంచివాడగు లజాంతీ పుదుచ్చేరికై బయలుదేరెను. 1761లో ఆ పట్టణము ఆంగ్లేయుల చేత చిక్కుటచే నడిసముద్రమున ఊగులాడు ఓడపైనుండియే చూడవలసివచ్చెను, కొలత కుదురలేదు. ఎనిమిదేండ్లు తూర్పుదేశములనే గడపి 1769లో పుదుచ్చేరియందే కాచుకొనియుండగా ఆ యుదయమున మబ్బు కమ్మెను. ఆకాశమును నమ్ముకొన్నవారి పాటు ఇట్టిది.

1874 డిసెంబరు 9వ తేదీ బుధవారము. కార్తికము ముగిసి మార్గశిరము ప్రవేశించు వేళ. ఆ దినములలో చెన్నపట్టణపు తీరమున ఈశాన్యపు వానలు ఇంకను వీడవు. విశాఖతీరమున ఆకాశము తేటపడియుండుట వాడుక. సూర్యుడు సముద్రమునుండి లేచి గంటసేపు కాగానే, అనగా స్థానిక కాలమున ఏడున్నర ప్రాంతమున, శుక్రుడు బింబపుటంచును తాకవలెను. అర్ధగంటకు లోపల పూర్తిగా ప్రవేశించును. మధ్యాహ్నము కావచ్చునప్పటికి ఆవలియంచు దాటును. డాబాగార్డెన్సు వేధశాలలో నరసింగరావుగారు దూరదర్శినివద్ద దీనిని గమనించి, తమ ఫలితములను సొసైటీవారి పత్రికకు పంపగా, అవి అందు ప్రకటింపబడెను.

చదువరులకు ఇది సులువైన పనిగా తోచవచ్చును. బింబపు వెడల్పులో ముప్పదవవంతు మాత్రముండు నల్లని గుండ్రని చుక్క మెల్లగా జరుగుచుండును. కష్టమంతయు అంచునొద్దనే. చుక్క లోనికి పూర్తిగా వచ్చినదనుకొన్న క్షణమున అంచునుండి విడివడక, కారబోవు సిరాబొట్టువలె సాగి వ్రేలాడును. విడివడిన క్షణమేదో నిశ్చయించుటలో ప్రక్కప్రక్కనున్న ఇరువురికే సెకండ్ల భేదము వచ్చును. గడియారము తప్పిన చూపు వ్యర్థము. నక్షత్రములను చూచి గడియారమును దిద్దుకొను అలవాటు, కొండమీద జెండా దింపుటకై దినదినము చేసిన ఆ విసుగు పుట్టించు పని, విశాఖవారికి ఇచటనే అక్కరకు వచ్చెను. లోకమంతట జరిగిన కొలతలలో సిరాబొట్టు చిక్కువలన ఆశించినంత నిశ్చయము సిద్ధింపలేదు. సూర్యుడు సుమారు పదునైదుకోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడని నేడు వేరుమార్గముల తెలిసినది.

అదే యుదయమున రూర్కీలో టెన్నెంటు, వంగదేశమున మద్దాపూరువద్ద ఇటలీదేశపు టాకీనీ యంత్రములతో సిద్ధముగా నుండిరి. ఒడిస్సాలోని ఖండపడాయందు సామంత చంద్రశేఖరుడు తాను వెదురుతో చేసికొన్న సాధనములతో ఆకాశమును కొలుచుచుండెను. ఆయన సిద్ధాంతదర్పణమున ఈ శుక్రగమనపు ప్రస్తావన కలదు. రఘునాథాచార్యులవారు ముందుగనే ఒక చిన్న పుస్తకమును ఆంగ్లమున, కన్నడము, ఉర్దూ మొదలగు దేశభాషలలోను ప్రకటించి, జనులకు జరుగబోవుదానిని విశదపరచిరి.

తెలుగిండ్లలో ఆ దినములకు మరియొక పేరుండెను: శుక్రమౌఢ్యమి. శుక్రుడు సూర్యకాంతిలో మునిగి కంటికి కనబడని దినములలో పెండ్లి ముహూర్తములు పెట్టరు. శుక్రుడు సూర్యునికి ఆవల నుండునపుడు మౌఢ్యము దీర్ఘము. ఈవల వక్రగతిలో నుండునపుడు కొలదిదినములు మాత్రమే. ఈ రెండవ మౌఢ్యపు నట్టనడుమనే సూర్యబింబముమీద శుక్రుడు పోవుట సంభవించును. పురోహితుడు కనబడడని చెప్పిన గ్రహమును నరసింగరావుగారు ఆ పూటనే సూర్యుని మొగముమీద పుట్టుమచ్చవలె చూచిరి. ఇందు ఒకరిది తప్పు, ఒకరిది ఒప్పు అనుటకు వీలులేదు. ఇరువురి గణితమును ఒకే గ్రహమును గూర్చినదే.

వేధశాల యందలి పని గ్రహములతో ముగియలేదు. వాయుభారము, శీతోష్ణములు, వర్షపాతము దినదినమును వ్రాసికొనుచుండిరి. 1876 అక్టోబరులో విశాఖతీరమును తాకిన తుపానును గూర్చి, అదే మాసాంతమున వంగదేశపు బాకర్‌గంజిని ముంచిన తుపానును గూర్చి ఇలియట్ దొర విపులమైన నివేదిక వ్రాసెను. తీరపు పట్టణములలో ఓపికతో వ్రాసిపెట్టిన అంకెలు లేనిదే అట్టి నివేదికలు పుట్టనేరవు.

1892లో నరసింగరావుగారు కాలధర్మము నొందిరి. రెండేండ్లకు, 1894లో, వేధశాల చెన్నపట్టణపు ప్రభుత్వము వశమైనది. ఆయన శుక్రదర్శన వృత్తాంతము ప్రకటింపబడినది ఆంగ్లముననే. అందువలన లండనులో తెలిసిన పేరు విశాఖవీధిలో మరుగుపడెను. చెన్నపట్టణపు తెలుగుబడి పిల్లలు గెలీలియో కథను చక్కగా అప్పగింతురు. తమ నగరమున చదివిపోయిన జగ్గారావుగారి పేరు వారి వాచకములలో కానరాదు. డాబాగార్డెన్సు నేడు అంగళ్ళతో, బళ్ళ రొదతో క్రిక్కిరిసిన ప్రాంతము.

1882 నాటి శుక్రగమనము మనదేశమున రాత్రివేళ జరుగుటచే కనబడలేదు. తరువాత 2004 జూను 8, 2012 జూను 6 తేదీలలో జరిగిన రెండును కనబడినవి. ఇక రాబోవునది 2117 డిసెంబరు 11వ తేదీన. ఆనాడు విశాఖపట్టణమున సూర్యుడు ఉదయించునప్పటికే శుక్రుడు బింబముమీద నుండును.